చదువరాని కాగితములు – మొదటి సాలార్‌జంగు జీవితము

తెలుగున 'చదువరాని' అను మాట చూచుటకు చిన్నది; అర్థమున పెద్దది. 'రాదు' అను క్రియ అందు చేరియుండుటయే దీనికి కారణము. 'చెప్పరాని దుఃఖము' అన్నప్పుడు ఆ దుఃఖమును మాటలలో పెట్టుట సాధ్యము కాదని భావము. 'చెప్పరాని మాట' అన్నప్పుడు ఆ మాటను నోట పలుకుట తగదని భావము. 'వానికి చదువ రాదు' అన్నప్పుడు దోషము వ్రాతయందు లేదు. ఆ విద్య వానికి అబ్బలేదనియే భావము. కావున ఒక కాగితమును చూపి ఇది చదువరానిది అని మనము పలికినప్పుడు మూడర్థములకు తావు కలదు. అందలి అక్షరములు పోల్చుకొనుటకు వీలు లేనివి కావచ్చును. దానిని చదువుటకు మనకు అనుమతి లేకపోవచ్చును. లేదా, చదువుట మనకే తెలియకపోవచ్చును.

వ్యాకరణపాఠమున ఒక్క గంటలో చెప్పి ముగించు ఈ భేదము ఒకప్పుడు ఒక రాజ్యము యొక్క భాగ్యమును శాసించెను. ఆ రాజ్యము హైదరాబాదు. అచ్చటి చదువరాని కాగితములతో ముప్పది సంవత్సరములు పెనగులాడిన పురుషుడు మొదటి సాలార్‌జంగు.

పాతబస్తీకి వచ్చు యాత్రికులకు సాలార్‌జంగు అనగానే మూసీ తీరమునందలి వస్తుప్రదర్శనశాల స్ఫురించును. అందలి వస్తువులలో అధికభాగము ఆయన మనుమడైన మూడవ సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ అలీఖాను సేకరించినవి. తాతగారు కూర్చినది వేరొక సంపద. అది అద్దముల బీరువాలలో కానరాదు. పన్నెవరు చెల్లించిరి, సొమ్మెచ్చటికి పోయినది, ఎవరికెంత బాకీ అను ప్రశ్నలకు రాజ్యమే సమాధానము చెప్పుకొనగలిగిన స్థితి ఆయన కూర్చిన సంపద.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాను. 1829 వ సంవత్సరమున జన్మించెను. తండ్రి బాల్యముననే గతించెను. దివాను పదవులు నిర్వహించిన వంశమది. మీర్ ఆలం చెరువునకు, మీర్ ఆలం మండికి పేరిచ్చిన మీర్ ఆలం ఆ కుటుంబమునకు పూర్వుడు. తాతయైన మునీరుల్ ముల్కు, పినతండ్రి వరుసవాడైన సిరాజుల్ ముల్కు ఇరువురును దివానులుగా నుండిరి. తండ్రి లేని బాలుడు పెద్దల చాటున ఫారసీ, అరబ్బీ చదువుకొనెను. పిమ్మట ఆంగ్లమును నేర్చి, దొరలతో ధారాళముగా మాటలాడగలిగెను. అయినను ఆయన హృదయమునకు దగ్గరైన భాష ఫారసీయే. తుదిదాక ఆ మక్కువ తగ్గలేదు. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో మనకు కడపట పని కలదు.

ఆయన ఉద్యోగజీవితము దర్బారున మొదలు కాలేదు. ఇరువదియేండ్లు నిండకమునుపే, డైటన్ అను ఆంగ్లేయుడు అంతకుముందు నిర్వహించిన కొన్ని తెలుగు తాలూకాలకు ఆయన తాలూకుదారుగా నియమింపబడెను. ఆ పని కొద్ది మాసములే సాగెను. కాని కౌలు ఎట్లు కుదురును, పంట ఎట్లు పంచబడును, లెక్క ఎట్లు వ్రాయబడును అనునది గ్రామమట్టమున చూచు అవకాశము ఆ కొద్ది మాసములలోనే ఆయనకు దొరకెను. దివానులగు వంశములలో పుట్టినవారికి సామాన్యముగా దొరకని శిక్షణ ఇది.

ఆ కాలపు లెక్క ఎట్లుండెడిదో తెలిసినగాని ఆయన పని యొక్క బరువు తెలియదు. గ్రామమున పట్వారీ తెలుగులోనో, మరాఠీలోనో లెక్క వ్రాయును. తెలుగు వ్రాతయైనచో గొలుసుకట్టు. కలము ఎత్తకుండ, అక్షరమునకు అక్షరము తగిలించి వ్రాయు వ్రాత. మరాఠీయైనచో మోడి. వంచుట, విరుచుట అను అర్థము గల మాటనుండి ఈ పేరు వచ్చినదని పలువురు చెప్పుదురు. పైకి పోయిన కొలది ఆ లెక్క ఫారసీలోనికి మారును. ఆ ఫారసీ వ్రాత షికస్తా. విరిగినది అని ఆ మాటకు అర్థము. పదునేడవ శతాబ్దమున ఇరానునందు నస్తాలీఖు వ్రాతనుండి ఇది పుట్టి, మొగలుల కచేరీల ద్వారా దక్కనుకు చేరెను. విడిగా నుండవలసిన అక్షరములు ఇందు కలిసిపోవును. చుక్కలు మాయమగును. ఫారసీ లిపిలో బ, ప, త అను వానికి ఆకారమొక్కటే; చుక్కల సంఖ్యయు స్థానమును మాత్రమే భేదము. చుక్కలు పోయినచో అది బకారమో, పకారమో సందర్భమెరిగినవాడే చెప్పవలెను. ఉర్దూ తెలిసినవారు నేటికిని బాగుగ లేని దస్తూరిని షికస్తా యని పరిహసింతురు. తెలుగువారు కోడి గెలికినట్లున్నదందురు. కాని షికస్తా చేతగానివాని వ్రాత కాదు. చేయి తిరిగినవాని వ్రాత. త్వరితముగా వ్రాయు వ్రాతను తెలుగువాడు గొలుసనెను, ఇరానువాడు విరిగినదనెను. రెండును నిజమే. తెలిసినవానికది తెగని గొలుసు. తెలియనివానికి విరిగిన ముక్కలు.

అక్షరముల తరువాత అంకెలు. లెక్కలలో మనమెరిగిన అంకెలు వాడెడివారు కారు. అరబ్బీ సంఖ్యావాచకములను కుదించి, ముడివేసి ఏర్పరచిన గుర్తులను వాడెడివారు. దీనికి సియాఖు అని పేరు. ఫారసీ చక్కగా వచ్చినవాడైనను, సియాఖు నేర్వనిచో మొత్తమెంతో చెప్పలేడు. మొత్తము చెప్పలేనివాడు దానిని ప్రశ్నింపనూ లేడు.

ఈ కాగితములన్నియు చేరుచోట్లు రెండు. తెలంగాణపు లెక్కలు దఫ్తరె మాల్‌లో నుండెడివి. మరాఠ్వాడా లెక్కలు దఫ్తరె దివానీలో నుండెడివి. మొదటిది ఉత్తరదేశమునుండి వచ్చిన కాయస్థులగు మాల్‌వాలా వంశమువారి చేతిలోను, రెండవది మహారాష్ట్ర బ్రాహ్మణులగు రాయరాయాఁ వంశమువారి చేతిలోను పారంపర్యముగా సాగెను. చార్మినారు సమీపమున మాల్‌వాలా దేవిడీ మొన్నమొన్నటి దాక నిలిచియుండెను. 2000 ప్రాంతమున చాల భాగము కూలిపోయినది. దఫ్తరుదారులు దొంగలని చెప్పుట నా ఉద్దేశము కాదు. అనేక తరములు వారు శ్రద్ధతో కాపాడియుండనిచో ఆ కాగితములు మనదాక వచ్చెడివే కావు. కాని రాజ్యము యొక్క జ్ఞాపకము రాజ్యము చేతిలో లేదు. ఒక యింటి విద్యగా నుండెను. దివాను లెక్క తెలిసికొనవలెనన్నచో దఫ్తరుదారుని అడిగి, ఆయన చెప్పినది నమ్మవలసినదే. అనగా మన మూడర్థములలో మొదటి రెండును అచ్చట కలిసియుండెను. ఆ కాగితము పోల్చుకొనుటకు వీలు లేనిది. పరులు చదువుట వాడుకలో లేనిది.

1853 వ సంవత్సరము నాటికి ఈ స్థితి ఫలించి ముదిరెను. రాజా చందూలాలు కాలమునుండి శిస్తు వసూలు గుత్తకిచ్చుట వాడుకయయ్యెను. గుత్తదారు సర్కారునకు ముందుగా కొంత సొమ్మిచ్చి, రైతునుండి రాబట్టినంత రాబట్టుకొనును. సైనికులకు జీతములు చెల్లక, అరబ్బు జమాదారులును, రోహిలాలును బాకీ క్రింద పరగణాలనే చేతపట్టిరి. ఆంగ్లేయుల ఆధీనమున నుండిన కాంటింజెంటు సైన్యపు ఖర్చు బాకీపడి పెరిగెను. ఆ బాకీ క్రింద ఆ యేడు మే నెల 21 వ తేదీన జరిగిన సంధి ప్రకారము బేరారు, రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గము ఆంగ్లేయుల పాలనకు పోయెను. ఆ సంధి సిరా ఆరకముందే దివాను సిరాజుల్ ముల్కు మరణించెను. నిజాము నాసిరుద్దౌలా, ఇరువదినాలుగేండ్ల తురాబ్ అలీఖానును దివానుగా నియమించెను. పదవి యనుటకంటె అప్పుల మూట యనుట మేలు.

క్రొత్త దివాను తొలుత చేసిన పని అధికారులను మార్చుట కాదు. సొమ్ము పోవు దారిని మార్చుట. సర్కారుకు సొంత ఖజానా ఏర్పడెను. జమాదారుల బాకీలను తర్కించి, తీర్చి, తాకట్టు పడిన పరగణాలను ఒక్కొక్కటిగా విడిపించెను. గుత్తదారుల స్థానమున జీతము పుచ్చుకొను తాలూకుదారులను నిలిపెను. రాజధానిలో టంకసాల స్థిరపడి హాలీ సిక్కా వెలసెను. 1850 తరువాతి దశకముననే దారుల్ ఉలూం పాఠశాల నెలకొల్పబడెను. కచేరీలకు వలయు చదువరులను తయారుచేయు సంస్థ అదియే.

పాత దఫ్తరుల విషయమున ఆయన నడచిన తీరు విద్యార్థులు గమనింపదగినది. ఆయన వానిని పడగొట్టలేదు. దఫ్తరుదారుల బిరుదులు, దర్బారు మర్యాదలు తీసివేయలేదు. వానికి ప్రక్కనే క్రొత్త కచేరీలను నిలిపెను. 1864 ప్రాంతమున మాలుగుజారీ మజ్లిసు అను రెవెన్యూ సభ ఏర్పడెను. 1865 లో జిలాబందీ జరిగెను; రాజ్యము 14 జిల్లాలుగా విభజింపబడెను. జిల్లాకొక అవ్వల్ తాలూకుదారు, తాలూకాకొక తహసీలుదారు. లెక్క తహసీలునుండి జిల్లాకు, జిల్లానుండి రాజధానికి వచ్చు క్రమము కుదిరెను. కచేరీలోని ఉద్యోగి మారినను, కాగితము అచ్చటనే నిలుచును; మరియొకడు వచ్చి దానిని చదువగలడు. కొన్ని యేండ్లు గడచునప్పటికి పాత దఫ్తరులకు క్రొత్త కాగితము చేరుట తగ్గిపోయెను. నీరు మరలిన కాలువవలె అవి నెమ్మదిగా ఎండెను. కత్తి దూయక ఒక అధికారమును లోబరచుకొనుట ఆయనకు తెలిసిన రాజనీతి.

అయినను ఆయన నడచిన దారి పూలబాట కాదు. 1857 వ సంవత్సరమున దేశమంతట తిరుగుబాటు చెలరేగినప్పుడు హైదరాబాదు ఎటు మ్రొగ్గునోయని ఆంగ్లేయులు భయపడిరి. జూలై 17 వ తేదీన తుర్రెబాజ్‌ఖాను, మౌల్వీ అలాఉద్దీను నాయకత్వమున జనులు రెసిడెన్సీపై పడిరి. దివాను ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. తిరుగుబాటు అణగెను. తుర్రెబాజ్‌ఖాను 1859 లో చంపబడెను. మౌల్వీ అండమానులకు పంపబడి అచ్చటనే గతించెను. నేడు కోఠిలో తుర్రెబాజ్‌ఖాను పేరిట రహదారి కలదు. ప్రజలు ఎవరిని వీరునిగా తలచిరో అది చెప్పుచున్నది. దివాను చేసినది రాజ్యరక్షణయని కొందరు, దాస్యమునకు ఊతమని కొందరు వాదింతురు. ఆ కోపము ఆయన బ్రతికియున్న దినములలోనే తుపాకియై ప్రేలెను. 1859 లో ఒకసారి, 1868 లో మరియొకసారి ఆయన హత్యాప్రయత్నములనుండి తప్పించుకొనెను. 1860 లో ఆంగ్లేయులు రాయచూరు అంతర్వేదిని, నల్‌దుర్గమును తిరిగి యిచ్చి, యాబది లక్షల బాకీని రద్దుచేసిరి. బేరారును మాత్రము ఇయ్యలేదు.

1869 లో నిజాము అఫ్జలుద్దౌలా మరణించెను. వారసుడైన మహబూబ్ అలీఖాను మూడేండ్లు నిండని శిశువు. సాలార్‌జంగు షంసుల్ ఉమరాతో కలిసి రాజప్రతినిధియయ్యెను. ఈ కాలముననే ఉత్తర హిందూస్థానమునుండి చదువుకొన్న ఉద్యోగులను పిలిపించెను. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామి, మొహసినుల్ ముల్కు, చిరాగ్ అలీ మున్నగువారు అట్లు వచ్చినవారే. క్రొత్త కచేరీల కాగితములకు క్రొత్త చదువరులు కావలసివచ్చిరి. వారి సామర్థ్యమునకు సందేహము లేదు. కాని స్వదేశీయులకు, వచ్చినవారికి నడుమ ముల్కీ వివాదమునకు విత్తనము పడినదియు అప్పుడే. ఆ చెట్టు నీడ హైదరాబాదు రాజకీయములపై నూరేండ్లకు మించి పరచుకొనెను. 1874 లో వాడినుండి సికింద్రాబాదుకు రైలుమార్గము తెరవబడెను. దూరపు జిల్లాల కాగితము రాజధానికి చేరుటకు ఇక వారములు పట్టెడి దినములు పోవుచుండెను.

తన జీవితమున దివాను మరల మరల చదివిన కాగితము ఒకటి కలదు. అది 1853 నాటి సంధిపత్రము. బేరారు బాకీకి హామీగా పోయినదే గాని అమ్మబడినది కాదని, బాకీ తీరినచో భూమి తిరిగి రావలెనని ఆయన దృఢవిశ్వాసము. లేఖపై లేఖ వ్రాసెను. కాంటింజెంటు ఖర్చుకు సరిపడు సొమ్మును రొక్కముగా కట్టెదమని ఆయన పక్షమున ప్రతిపాదనలు పోయెను. 1876 లో ఇంగ్లండుకు స్వయముగా పయనమయ్యెను. దారిలో రోము నగరమున బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి ప్రతిమను కొనెను. నేడు బాలబాలికలు గుంపులుగా నిలిచి చూచు ప్రతిమ అదియే. పారిసులో మెట్లమీద జారిపడి తొడయెముక విరుగగా కొన్ని వారములు మంచము పట్టెను. లండనులో ఆయనకు ఘనమైన స్వాగతము లభించెను. విక్టోరియా రాణి దర్శనమిచ్చెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. లండను నగరము పౌరసత్వగౌరవమిచ్చెను. బేరారు మాట మాత్రము ఎవరును ఎత్తనిచ్చినవారు కారు.

ఇచ్చట మన రెండవ అర్థము స్పష్టముగా కనబడును. సంధిపత్రము షికస్తాలో లేదు. అక్షరములు పోల్చుకొనుటకు కష్టము లేదు. ఆయనకు భాష తెలియకపోలేదు. అయినను దానిని తన కన్నులతో చదువుకొనుటకు ఆయనకు అనుమతి లేకపోయెను. బలవంతుడు చదివిన చదువే చదువు. తిరిగి వచ్చిన మరుసటియేడు రాజప్రతినిధి లిట్టను ప్రభువు, దివానుకు ఇష్టము లేకున్నను, రషీదుద్దీన్‌ఖానును ఆయనకు తోడుగా నిలిపి, బేరారు ప్రస్తావనకు ముగింపు పలికించెను. తన రాజ్యమున అనేకుల చేతిలోనుండి కాగితములను విడిపించిన దివాను, ఈ ఒక్క కాగితమును విడిపింపలేకపోయెను. 1902 లో బేరారు శాశ్వత కౌలుగా ఆంగ్లేయులకే దక్కెను. అప్పటికి ఆయన లేడు.

1881 లో రషీదుద్దీన్‌ఖాను మరణముతో దివాను మరల ఏకైక ప్రతినిధియయ్యెను. బాలనిజాము పెరిగి పెద్దవాడగుచుండెను. లెక్కలొప్పగించి విశ్రాంతి పొందు కాలము దగ్గరపడుచుండెను. కాని 1883 ఫిబ్రవరి 8 వ తేదీన కలరా సోకి, ఒక్క దినములోనే ఆయన కన్నుమూసెను. అప్పటికి వయస్సు ఏబదినాలుగు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమినులో, తనవారి సమాధుల నడుమ ఆయనను ఉంచిరి. ముప్పదియేండ్లు ముగ్గురు నిజాముల కాలమున ఒక్కడే దివానుగా నుండుట ఆ రాజ్యచరిత్రలో అపూర్వము.

ఆయన మరణించిన మరుసటియేడు, కుమారుడైన రెండవ సాలార్‌జంగు దివానుగా నుండగా, కచేరీలలో ఫారసీ స్థానమున ఉర్దూ ప్రవేశించెను. తండ్రి బ్రతికియున్నంతకాలము ఫారసీని కదలనీయలేదు. ఆయన దృష్టిలో ఫారసీ అనగా మర్యాద, నియమము, పరంపర. ఫారసీనుండి ఉర్దూకు మారుట రాజధానిలో పెద్ద మార్పే. నగరమున సామాన్యుడు మాటలాడు భాష కాగితమున కెక్కెను. కాని వరంగల్లు, ఖమ్మము, నల్లగొండ పల్లెలలోని రైతునకు ఆ మార్పు వలన కలిగినదేమి? నిన్న ఫారసీ చదువ రాదు. నేడు ఉర్దూ చదువ రాదు. తన యూరి పట్వారీ తెలుగున వ్రాసిన గొలుసుకట్టును సైతము చదువ రాదు. 1951 నాటి జనాభాలెక్కలలో కూడ హైదరాబాదు రాష్ట్రమున నూటికి పదిమందియైనను అక్షరాస్యులు లేరు.

మూడవ అర్థము ఇదియే. దివాను తన కాలమంతయు మొదటి అర్థముతో పోరాడి గెలిచెను. రెండవ అర్థముతో పోరాడి ఓడెను. మూడవ అర్థమును ఆయన తన పనిగా తలచినట్లు కానరాదు. కాగితము సర్కారుకు తెలియవలెనన్నది ఆయన దీక్ష. ఎవని పేరిట కాగితము వ్రాయబడినదో వానికి తెలియవలెనన్నది ఆయన దీక్ష కాదు. దీనిని నిందగా చెప్పుట లేదు. ఆ కాలపు పాలకులలో అట్లు తలచినవారు అరుదు. అయినను కొలత కొలతయే. గుత్తదారు దోపిడీ తగ్గి, రైతు కొంత ఊపిరి పీల్చుకొన్న మాట నిజము. ఆ ఊపిరికి లెక్క ఏ కాగితమున నున్నదో రైతునకు తెలియలేదన్నదియు నిజమే.

ఆ మూడవ పని తరువాతివారికి మిగిలెను. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపించిన పెద్దలు దానిని చేతబట్టిరి. ఊరూర గ్రంథాలయములు నెలకొల్పినవారు, రాత్రిబడులు నడపినవారు, తెలుగున అర్జీ వ్రాయుట నేర్పినవారు ఆ భారమును మోసిరి. 1966 లో ఆంధ్రప్రదేశమున తెలుగు అధికారభాషగా చట్టమయ్యెను. నాటి దివానుకును ఈ ఉద్యమములకును సంబంధము లేదని తోచవచ్చును. కాని రాజ్యపు కాగితము ఒక యింటి సొత్తు కాదు, అది నియమితస్థలమున నుండి అడిగినవానికి దొరకవలెను అన్న భావము ముందు నెలకొనియుండనిచో, నా భాషలో దొరకవలెను అని అడుగు అవకాశమే రాదు. మొదటి మెట్టు ఎక్కించినవాడు ఆయనయే.

పాత దఫ్తరుల కాగితములు నశింపలేదు. షాజహాను, ఔరంగజేబుల కాలమునుండి వచ్చిన పత్రములు లక్షకు పైగా నేడు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారమున భద్రముగా నున్నవి. కాని వానిని పెట్టెనుండి తీసి చదువగలవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియే. షికస్తా నేర్చినవారు తగ్గుచున్నారు. సియాఖు నేర్చినవారు మరియు తక్కువ. ఒకప్పుడు దఫ్తరుదారులు దాచుటచేత చదువరానివైన కాగితములు, నేడు ఎవరును దాచకున్నను చదువరానివగుచున్నవి.

మా కళాశాలకు వచ్చు పిల్లలలో కొందరు అప్పుడప్పుడు ముత్తాతల కాలపు భూమికాగితములను జేబులో మడిచి తెత్తురు. అందలి ఉర్దూ ఇంట చదువగలవారు లేరు. పొలము తగవులో నుండును. వకీలు అనువాదము తెమ్మనును. ఏమున్నదో చెప్పుడని వారు అడుగుదురు. అచ్చుగా నున్న భాగమును నేనెట్లో కూడబలుకుకొందును. చేతివ్రాత రాగానే నిలిచిపోవుదును. అప్పుడు ఒక పెద్ద మున్షీగారి వద్దకు వారిని పంపుదును. ఆయన కండ్లద్దములు సవరించుకొని, కాగితమును వెలుతురునకు త్రిప్పి, గడగడ చదివి తెలుగున చెప్పును. ఆ పిల్లవాని ముఖము వికసించుట చూడవలెను. తన ముత్తాత పేరు తన చెవులార వినుట అదియే వానికి మొదటిసారి.

దివాను దేవిడీ నేడు లేదు. దాని ద్వారములు మాత్రము రద్దీ బజారు నడుమ నిలిచియున్నవి. దానికి కూతవేటు దూరమున ఛత్తా బజారు కలదు. చేతివ్రాతగాండ్రకు, శుభలేఖల అచ్చుకూటములకు పేరుపడిన బజారది. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ప్రదర్శనశాలకు కొనిపోవునప్పుడు, ముసుగు రెబెక్కా చూచిన తరువాత ఆ బజారు మీదుగా నడిపించి ఈ దివాను కథ చెప్పుట మంచిది. ఇంటికి పోయిన పిమ్మట అటకమీది పాత పెట్టెను తెరువుడని కూడ చెప్పవలెను. అందు గొలుసుకట్టున వ్రాసిన తాతగారి కాగితమొక్కటియైన నుండును. అమ్మమ్మయో, తాతయ్యయో బ్రతికియుండగనే దానిని వారిచే చదివించుకొని, ప్రక్కన గుండ్రని అక్షరములతో వ్రాసియుంచుకొనవలెను.